నొప్పికి రెండు మార్కులు

అమెరికాలో జబ్బుపడే హక్కు అందరికీ సమానమే. ఏ తలుపు తట్టాలన్నది మాత్రం జబ్బుపడినవాళ్లే తేల్చుకోవాలి. అంత అర్జెంటు కానివాటికి అర్జెంట్ కేర్ ఉంది. తీరిగ్గా కూర్చోగలవాళ్లకి ఎమర్జెన్సీ రూమ్ ఉంది. (ఈ పేర్లు పెట్టిన కమిటీ వెంటనే ప్రమోషన్లు పుచ్చుకుని వెళ్లిపోయింది.)

ట్రాయ్ అనే ఊళ్లో కార్ల కంపెనీ ఇంజినీరు రామమోహన్‌గారికి ఈ సమస్య ఒక ఆదివారం, స్నేహితుడు బ్రహ్మయ్యగారింట్లో భోజనాల దగ్గర ఎదురైంది. అప్పటికి ఆయన గారెలు రెండుసార్లు వద్దని, మూడోసారి అడిగితే నాలుగు వేయించుకున్నారు. మన పద్ధతే అంత. మొదటి రెండు 'వద్దు'లూ మర్యాదకి, మూడోసారి చెప్పేదే నిజం. చెయ్యి కడుక్కునేసరికి పొట్టలో కుడిపక్క కింద మెలిపెట్టడం మొదలైంది.

"గారెలే అయ్యుంటాయి," అన్నారాయన.

"గారెలకి ఇలా చెమటలు పట్టవండీ," అంది భార్య వసుమతి. ఆవిడకి నిజంగానే భయం వేసింది.

ఇన్సూరెన్స్ కార్డు వెనకున్న నంబరుకి ఫోన్ చేస్తే ద్వారనిర్ణయాధికారిణి పలికింది. (కార్డు మీద నర్స్ లైన్ అని ఉంటుంది.) నిబంధన ప్రకారం నొప్పికి పదికెన్ని మార్కులో రోగే వేసుకోవాలి. ఐదులోపు అర్జెంట్ కేర్, దాటితే ఎమర్జెన్సీ.

"టూ," అన్నారు రామమోహన్‌గారు. ముక్కూమొహం తెలియని మనిషితో మొదటిమాటే తొమ్మిదని ఎలా అంటారు? ఆవిడ థాంక్స్ చెప్పి అర్జెంట్ కేర్‌కి వెళ్లమంది. రెండోసారి అడగలేదు.

అర్జెంట్ కేర్ డాక్టరు పొట్ట నొక్కి వదలగానే ఆయన బల్లమీంచి ఎగిరిపడ్డారు. ఎగిరిపడినందుకు సారీ కూడా చెప్పారు. ఇది మా తలుపు కాదు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి అన్నాడు డాక్టరు.

ఎమర్జెన్సీ కౌంటర్‌లో మళ్లీ మార్కులే. "టూ అండ్ హాఫ్." (ఆ అర మార్కు కోసం వసుమతి కార్‌లో దారంతా పోరింది.) ముక్కులో పూస ఇరికించుకున్న పిల్లాడి వెనక కూర్చోబెట్టారు. పూసకి ఎనిమిది పడ్డాయి.

ఆయన పెదాలు తెల్లబడుతుంటే వసుమతి లేచి కౌంటర్ దగ్గరికెళ్లింది.

"మా ఆయన్ని ఇంకో రెండుసార్లు అడగండి, ప్లీజ్. అప్పుడు నిజం చెప్తారు."

నర్సు వింతగా చూసి, అడిగింది.

"త్రీ."

మళ్లీ అడిగింది. ఆయన కళ్లు మూసుకున్నారు.

"నైన్."

పగలబోతున్న అపెండిక్స్‌ని సమయానికి తీసేశారు.

ఇంటికొచ్చాక ఆసుపత్రి నుంచి సర్వే వచ్చింది. మా వెయిటింగ్ రూమ్‌కి పదికెన్ని ఇస్తారు?

"పాపం, వాళ్లూ కష్టపడ్డారు," అని రామమోహన్‌గారు పది వేశారు.

అక్కడ వేచి ఉండటం రోగులకి ఎంతో నచ్చుతోందని గుర్తించిన యాజమాన్యం ఇంకో వరస కుర్చీలు వేయించింది.