వెనక సీటులో కాటా మావయ్య

ఇల్లాలు పెరట్లో తీగ మీద బట్టలు ఆరేస్తోంది. ఆమె దుప్పటి పరిచి కొసలు లాగి వెనక్కి తిరిగేలోపే భర్త వచ్చి దాన్ని జానెడు కుడికి జరిపాడు. తీగ ఎడమవైపు దిగిందట. ఆమె ఒక చొక్కా తీసి మళ్ళీ ఎడమవైపే వేసింది. ఆయన దాన్నీ జరిపాడు.

వీధిలో అందరూ ఆయన్ని కాటా మావయ్య అంటారు. బజారులో తక్కెడలూ కాటాలూ బాగుచేసే కొట్టు ఆయనది. తక్కెడ ముల్లు మధ్యలో నిలబడితే తప్ప ఆయనకు అన్నం సహించదు. ఆ అలవాటు కొట్టుతో ఆగలేదు. ఒరిగిన వస్తువు కంటపడితే ఆయన చెయ్యి ఊరుకోదు. ఒకసారి జ్వరమని డాక్టరు దగ్గరికి వెళ్ళి, అక్కడ గోడ మీద ఒరిగిన పటాన్ని సరిచేసి, జ్వరం మాట మరిచిపోయి తిరిగి వచ్చేశాడు. ఇంటికి వచ్చేసరికి జ్వరం కూడా తగ్గిందని ఆయన చెబుతాడు. భార్య ఒప్పుకోదు.

ఆ రోజు ఉదయం అనుకున్న పని చాలా చిన్నది. కూతురు నడిపే మోటారు సైకిలు మీద వెనక కూర్చుని ఆయన కొట్టుకు వెళ్ళాలి. కూతురికి రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి రోగుల రక్తం తీసుకురావాలి కాబట్టి సొంత బండి ఉండాలన్నారు. ఆ పిల్ల పాత బండి ఒకటి కొనుక్కుంది, లైసెన్సూ తెచ్చుకుంది. మరునాడే చేరాలి. అయితే నాన్న సరేనంటేనే చేరతానని తొందరపడి మాట ఇచ్చేసింది. ఆయనేమో పుట్టి బుద్ధెరిగి మోటారు సైకిలు ఎక్కలేదు.

"వదిలేస్తే పడిపోయే వస్తువు మీద మనిషనేవాడు ఎలా కూర్చుంటాడే?" అన్నాడు ఆయన.

"ఒక్కసారి కూర్చుని చూడు నాన్నా. నీకే తెలుస్తుంది."

"చూస్తాను. బండి నిలకడగా ఉంటే రేపు నిక్షేపంగా చేరు. లేదంటే ఆ ఉద్యోగం వాళ్ళ దగ్గరే ఉండనీ."

బయలుదేరే ముందు ఆయన కొట్టు సామాను సంచిని చేత్తో ఎత్తి చూశాడు. ఒక పక్కే బరువైతే ఎలాగని తోచింది. సామానంతా రెండు సంచుల్లోకి సర్ది, కాటా మీద పెట్టి, ఒక మరమేకు అందులోంచి ఇందులోకి మార్చి సమానం చేశాడు. చెరో చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"బజారుకేనా, కావడి మొయ్యడానికా?" అంది భార్య.

"నీకు తెలియదు. బరువు సమానంగా ఉంటే బండికి మంచిది."

"తెలియనిదాన్ని, నాకెందుకు" అని ఆమె బకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బండి ఎక్కడం తేలికే అనుకున్నాడు ఆయన. ఏ కాలు ముందు వెయ్యాలో ఎవరూ చెప్పలేదు. తీరా ఎక్కాక చూసుకుంటే ముఖం ఇంటివైపు, వీపు కూతురి వైపు ఉన్నాయి.

"నాన్నా, ఇటు తిరిగి కూర్చో."

"ఇటైతే ఇల్లు కనబడుతోందే. బాగానే ఉంది."

"నలుగురూ చూస్తున్నారు నాన్నా."

ఆయన దిగి, ఈసారి రెండో కాలు వేసి ఎక్కాడు. కూతురు తన హెల్మెట్టు పెట్టుకుని, ఆయనకూ ఒకటి పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించింది. "నువ్వేమీ చెయ్యక్కర్లేదు. ఊరికే కూర్చో చాలు" అంది. ఊరికే కూర్చోవడమన్నది ఆయన ఏనాడూ చేసిన పని కాదు. ఆ సంగతి కూతురికి ఆ క్షణంలో గుర్తు రాలేదు.

వీధి చివరి దాకా దారి తిన్నగా ఉంది కాబట్టి ప్రయాణం దివ్యంగా సాగింది. మందుల షాపు దగ్గర ఎడమకు తిరగాలి. కూతురు వేగం తగ్గించి ఎడమకు వాలింది. బండీ వాలింది. వెనక కూర్చున్న కాటా మావయ్య రెండు సంచులతో సహా కుడివైపుకు ఒరిగాడు. బండి బుద్ధిగా నిటారుగా లేచి, మలుపును పక్కన వదిలేసి, తిన్నగా ముందుకు పోయింది.

"ఇక్కడే కదమ్మా తిరగాలి?"

కూతురికి ఏం జరిగిందో అర్థం కాలేదు. బండి తిరగలేదంటే పరీక్ష తప్పినట్టే. "ఆ సందులో రద్దీగా ఉంది నాన్నా. ముందుకెళ్ళి తిరుగుదాం" అంది.

తొందరపాటు లేని పిల్ల అని ఆయన లోలోపల మెచ్చుకున్నాడు. బండి మాత్రం పడబోయింది, తాను ఆపాడు. ఆ మాట చెబితే చిన్నబుచ్చుకుంటుందని గుట్టుగా ఉంచాడు.

బడి దగ్గర కుడికి తిరగాలి. ఆ పిల్ల కుడికి వాలింది, తండ్రి ఎడమకు ఒరిగాడు. బడి కూడా వెనక్కి వెళ్ళిపోయింది.

"ఇక్కడా రద్దీయేనా?"

"నీకు ఊరు చూపిద్దామని నాన్నా."

"నేను పుట్టింది ఈ ఊళ్ళోనే కదే."

"బండి మీద నుంచి చూడలేదుగా."

అదీ నిజమేననిపించింది ఆయనకు. రెండుసార్లు పిల్ల ప్రాణం కాపాడానన్న తృప్తితో ఊరు చూడసాగాడు. హ్యాండిలు ఏదో బిగుసుకుపోయిందని కూతురు అనుకుంది. ఆపి చూద్దామంటే, ఎందుకు ఆపావని ఆయన అడుగుతాడు. కాబట్టి ఆపకుండా, చెమటలు కక్కుతూ, రోడ్డు ఎటు పోతే అటు పోయింది.

రోడ్డు నాలుగు దారుల కూడలికి పోయింది. దాని మధ్యలో గుండ్రటి పూలతోట ఉంది. తోటమాలి పైపు పట్టుకుని మొక్కలకు నీళ్ళు పెడుతున్నాడు. అందరూ ఆ తోటను చుట్టి వెళతారు. ఈ బండి మాత్రం చుట్టబోయి, మధ్యలో మనసు మార్చుకున్నట్టు నిటారుగా నిలబడి, గట్టెక్కి, రెండు పూల వరుసల మధ్య నుంచి దూసుకుపోయింది. తోటమాలి పక్కకు దూకాడు. అతని చేతిలోని పైపు కాటా మావయ్య ఎడమ సంచికి చిక్కుకుంది. కుళాయి నుంచి ఊడేలోపల ఆ పైపు తన దగ్గరున్న నీళ్ళన్నీ ఆయన మీదే పోసింది.

"బండి ఆపండయ్యా. పైపు, నా పైపు" అని తోటమాలి సైకిలెక్కి వెంటపడ్డాడు. పైపు ఈడ్చుకుపోవడం చూసిన పోలీసు అది దొంగతనమనుకుని తానూ పరుగందుకున్నాడు. రోడ్డు పక్క జనం నిలబడి కేకలు వేశారు. బజారులో నలుగురికీ తెలిసినవాడు కాబట్టి తనను పలకరిస్తున్నారనుకున్నాడు కాటా మావయ్య. చేతులు ఖాళీ లేక, హెల్మెట్టు తలే ఊపుతూ అందరికీ బదులిచ్చాడు.

"అమ్మడూ, వాన పడిందా ఇప్పుడు?"

"కొంచెం పడింది నాన్నా" అంది కూతురు, ఏడుపు గొంతుతో.

ఆ రోడ్డు ఒక పెద్ద గేటు దగ్గర అయిపోయింది. గేటు తెరిచే ఉంది. లోపల మైదానంలో సున్నంతో పెద్ద ఎనిమిది అంకె గీసి ఉంది. దాని పక్కన బండ్లతో కొందరు వరసగా నిలబడి ఉన్నారు. గొడుగు కింద బల్ల వేసుకుని లైసెన్సు పరీక్షల ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. సరిగ్గా ఆ బల్ల ముందు బ్రేకు పడింది.

ఇన్‌స్పెక్టరు తలెత్తి చూశాడు. ఎదురుగా వణుకుతున్న అమ్మాయి, వెనక నిలువెల్లా తడిసి చెరో చేత సంచి పట్టుకున్న పెద్దాయన, ఆయన వెనక బారెడు పైపు, పైపు వెనక తోటమాలి, తోటమాలి వెనక పోలీసు.

"వరసలో రావాలమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పరీక్షకు రాలేదు సార్. నాకు లైసెన్సు ఉంది."

"ఉండి కూడా నా పూలలోంచి వచ్చింది సార్" అన్నాడు తోటమాలి.

ఇన్‌స్పెక్టరు ఆ లైసెన్సు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కింద సంతకం తనదే. అది ఆయనకు నచ్చలేదు. "చూడమ్మా, ఇప్పుడే నా ముందు ఒక ఎనిమిది తిప్పు. గీత దాటావో, లైసెన్సు ఈ బల్ల మీదే ఉంటుంది, నువ్వు నడిచి వెళ్తావు."

లైసెన్సు పోతే రేపటి ఉద్యోగమూ పోయినట్టే. కాటా మావయ్య దిగాడు. కూతురు ఒంటరిగా బండి తీసింది. ఎనిమిది చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. సున్నం మీద చక్రం మచ్చ కూడా పడలేదు. హ్యాండిలు బాగానే ఉందే అని ఆ పిల్లే ఎక్కువగా ఆశ్చర్యపోయింది. ఇన్‌స్పెక్టరు లైసెన్సు తిరిగి ఇవ్వబోయాడు.

"ఆగండి" అన్నాడు కాటా మావయ్య. "ఖాళీ తక్కెడ ఎప్పుడూ సరిగ్గానే నిలబడుతుంది. బరువు పెట్టి చూస్తేనే దాని బండారం తెలిసేది."

"నాన్నా" అంది కూతురు, పళ్ళ మధ్య నుంచి.

"న్యాయం న్యాయమేనమ్మా."

పెద్దాయన మాటలో సబబు ఉందనిపించింది ఇన్‌స్పెక్టరుకు. బరువు ఎక్కింది. బండి ఎనిమిదిలో మొదటి వంపు దగ్గరే గీత దాటి, వరసలో నిలబడ్డవాళ్ళ మధ్యకు వెళ్ళింది. వాళ్ళు చెల్లాచెదురయ్యారు. కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్‌స్పెక్టరు మాత్రం లైసెన్సు జేబులో పెట్టుకోలేదు. గడ్డం గోక్కుని లేచి వచ్చాడు.

"పెద్దాయనా, మీరు దిగండి. అమ్మాయ్, నేను కూర్చుంటాను, పోనీ."

ఆయన కాటా మావయ్యకు ఒకటిన్నర రెట్లు ఉంటాడు. బండి మూలిగింది గానీ ఎనిమిది తప్పలేదు.

"ఇప్పుడు నేను నడుపుతాను. మీరు వెనకెక్కండి."

ఎన్నో ఏళ్ళుగా ఊరందరికీ పరీక్షలు పెడుతున్న ఇన్‌స్పెక్టరు, కాటా మావయ్యను వెనకేసుకుని, ఎనిమిది మొదలు పెట్టి, గొడుగునూ బల్లనూ కూల్చి, తోటమాలి చుట్టగా చుట్టుకుంటున్న పైపు మీద ఎక్కి ఆగాడు. వరసలో ఎవరో చప్పట్లు కొట్టబోయి మానుకున్నారు.

"ఏం చేస్తున్నారండీ వెనక?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, దుమ్ము దులుపుకుంటూ.

"నేనేం చేస్తాను? మీరు ఒక పక్కకు పడిపోబోతుంటే రెండో పక్కకు లాగి నిలబెట్టాను. పొద్దుట్నుంచీ ఇదే పని. పిల్లకు చెప్పలేదు గానీ, నేను లేకపోతే ఈపాటికి ఎన్నిసార్లు పడేదో."

కూతురు మెల్లగా హెల్మెట్టు తీసింది.

"నాన్నా, వాలితేనే బండి తిరుగుతుంది."

"వాలితే పడిపోదూ?"

ఇన్‌స్పెక్టరు లైసెన్సు ఆ పిల్ల చేతిలో పెట్టాడు. "అమ్మాయి పాస్. మీరు ఫెయిల్" అన్నాడు.

"నేను పరీక్షకు రాలేదండీ. నేను ఆ పిల్లను పరీక్షించడానికి వచ్చాను."

"ఎందుకొచ్చినా తప్పారు. వెనక కూర్చున్న మనిషిని ఫెయిల్ చెయ్యడం నా సర్వీసులో ఇదే మొదలు."

తోటమాలి పైపు తోటమాలికి చేరింది. చీకటి పడే దాకా ఉండైనా మొక్కలన్నీ తిరిగి నాటిస్తానని కాటా మావయ్య మాట ఇస్తే, మీరు అటు రాకపోతే అవే లేస్తాయని అతను దండం పెట్టాడు. తిరుగు ప్రయాణంలో ఆయన సంచులతో నడిచాడు. కూతురు పక్కనే మెల్లగా బండి నడుపుతూ వచ్చింది. మలుపులన్నీ అడ్డం లేకుండా తిరిగింది.

ఇంట్లో ఇల్లాలు చిక్కుళ్ళు తరుగుతోంది. తడిసిన భర్తను కింది నుంచి పై దాకా చూసింది.

"ఏమైంది? పిల్ల పాసైందా?"

"నేను పాసు. నాన్న తప్పాడు" అంది కూతురు.

ఆయన హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. "బండి మంచిదే. పిల్లా మంచిదే. నేను కాదనను. కానీ రేపే ఎందుకంటాను. ఒక నెల ఆగితే ఉద్యోగం పారిపోతుందా?"

"పారిపోతుంది నాన్నా. రేపు రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు."

"అలా తొందరపెట్టేవాళ్ళ దగ్గర పనేమిటి? అసలు సంగతి చెప్పనా, ఇది మన ఇంట్లో ఆడవాళ్ళకు అలవాటు లేని పని. అలవాటు కావడానికి టైము పట్టదూ? ఏమంటావే?" అని భార్య వైపు తిరిగాడు.

ఆమె కత్తిపీట గోడకు ఆనించింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. కూతురి చేతిలోంచి తాళం, భర్త ఒళ్ళోంచి హెల్మెట్టు తీసుకుంది. మేకుకున్న ఖాళీ సంచి భుజాన వేసుకుని గుమ్మం దిగి వెళ్ళింది.

బండి ఒక్క తన్నుకే స్టార్టయింది. ఇరుకు సందులో ఆమె ఒక కాలు నేల మీద ఆనించి దాన్ని గిరుక్కున వెనక్కి తిప్పింది. అడ్డంగా నిలబడ్డ పాలవాడికి ఒకసారి హారను కొట్టింది. వీధి చివర మందుల షాపు దగ్గర ఎడమకు ఒరిగి, మాయమైపోయింది.

కాటా మావయ్య గేటు పట్టుకుని అటే చూస్తూ నిలబడ్డాడు. చప్పుడు పూర్తిగా వినబడకుండా పోయాక కూతురి వైపు తిరిగాడు.

"రేపు ఎన్నింటికమ్మా నువ్వు వెళ్ళాల్సింది?"

"ఏడింటికి నాన్నా."

కూతురికి బండి నేర్పింది ఎవరని ఆయన అంతవరకు అడగలేదు, ఇప్పుడూ అడగలేదు.