ఏమీ వెయ్యని మడి

"ఆ కుండీలో నీళ్ళు పొయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి అత్తయ్యా?"

"పోశానా? గ్లాసులో మిగిలిన చుక్క వంచాను. కళ్ళెదుట ఎండిపోతుంటే చూస్తూ కూర్చోవడానికి నేనేమైనా నీలాగా చదువుకున్నానా?"

వంటగది కిటికీలో ఉన్న మొక్కకు వేరుకుళ్ళు పట్టి ఆకులు పాలిపోయాయి. నీళ్ళు తగ్గిస్తేనే బతుకుతుందని వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెప్పే కోడలి వాదన. పాలిపోయిందంటే దాహమేనని అత్తగారి వాదన.

"పొద్దున్నే ఏంటీ గొడవ?" అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "ఇవాళ కమిటీ వస్తోంది. మొహం కాస్త నవ్వుతూ పెట్టుకో."

కమిటీ వచ్చేది ఉత్తమ అధ్యాపక పురస్కారం కోసం. పాఠం చెప్పడంలో, పరిశోధనలో, ఆ పరిశోధనను రైతు దాకా చేర్చడంలో మేటి అనిపించుకున్న ఒక్కరికే దాన్ని ఇస్తారు. ఆమెకు అవార్డు మీద ఆశ లేకపోలేదు. కాని అసలు ప్రాణమంతా మొక్కజొన్న మడుల మీద ఉంది. ఆకుల ఎరువు కలిపితే యూరియాను సగానికి తగ్గించవచ్చా అని మూడేళ్ళుగా పరీక్షిస్తోంది. ఈ పంటతో ఆ సంగతి తేలితే రైతులకు ధైర్యంగా చెప్పవచ్చు. తేలాలంటే పోల్చి చూడటానికి ఏమీ వెయ్యని మడి ఒకటి పక్కన ఉండాలి. అది పాలిపోయి, గిడసబారి ఉండాలి. దాని ఉద్యోగమే అది.

అవార్డు దరఖాస్తుకు కాగితాలు కూడగట్టడంలో పడి ఆమె చాలా రోజులుగా పొలం మొహం చూడలేదు. ఆ ఉదయం వెళ్ళేసరికి ఏమీ వెయ్యని మడి నవనవలాడుతూ అన్నిటికంటే ఎత్తుగా నిలబడి ఉంది. ఆమె గబగబా మడిలోకి దిగింది. మొక్క మొదట్లో మట్టి గీకితే కరగని తెల్లటి యూరియా పలుకులు వేలికి తగిలాయి.

"పెద్దసారు చెప్పారమ్మా," అన్నాడు కాపలాదారు. కళాశాల అధిపతిని అందరూ పెద్దసారనే అంటారు. "ఈ మడి కమిటీ ముందు మన పరువు తీసేలా ఉంది, కాస్త యూరియా చల్లమన్నారు. చల్లి నీళ్ళు పెట్టా. మీ మంచికే కదమ్మా."

"ఎప్పుడు చల్లావు?"

"మీరు కాయితాల్లో పడ్డ మర్నాడే. అది ఎప్పుడో కరిగిపోయింది. ఈ పలుకులు నావి కావు."

వెనక నిలబడిన ఆఖరి సంవత్సరం విద్యార్థులు మొహాలు చూసుకున్నారు. "మావీ కావు మేడం. మేం పోసింది మీ డ్రమ్ములో ఉన్న ఆకుల ఎరువు నీళ్ళు. ఈ మడి చూసి మీకు మార్కులు తగ్గిస్తారేమోనని..."

ఆ మడిని ఎందుకు ముట్టుకోకూడదో మొన్నటి పరీక్షలో పేజీన్నర రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్న పిల్లలు వాళ్ళు.

ఆమె నోరు తెరిచేలోగా కమిటీ కారు దిగింది. అధ్యక్షుడు తిన్నగా ఆ మడి దగ్గరికే నడిచి బోర్డు చదివాడు. "ఏమీ వెయ్యనిదా? వెయ్యకుండానే ఇంత ఏపుగా వచ్చిందా?"

"అదేనండీ మా పద్ధతి," అన్నారు పెద్దసారు, తడుముకోకుండా. "రైతుకు ఎరువుల ఖర్చే లేని సేద్యం. మూడేళ్ళ కృషి."

"అది నిజం కాదండీ. ఇందులో యూరియా..."

"మా మేడంగారికి మొహమాటం ఎక్కువ," అని పెద్దసారు నవ్వి, గొంతు తగ్గించారు. "ఇచ్చేటప్పుడు కాదనకూడదమ్మా. ఇందులో కాలేజీ పేరు కూడా ఉంది."

అధ్యక్షుడికి ఆమె వినయం మరీ నచ్చింది. అవార్డు ఆమెకేనని అక్కడికక్కడే ప్రకటించాడు.

కమిటీ కోసమని పిలిపించిన రైతులు చప్పట్లు కొట్టారు. వాళ్ళలో ఒకాయన ఆమె దగ్గరికి వచ్చాడు. కిందటేడు ఆమె మాట నమ్మి, తన చేలో కొంత భాగానికి యూరియా తగ్గించి చూసిన మనిషి. "అయితే ఈసారి ఎరువు బొత్తిగా మానెయ్యమంటారా మేడం? మా చుట్టుపక్కల వాళ్ళంతా మీ మాట కోసమే చూస్తున్నారు."

ఆమె జవాబు చెప్పేలోపే పెద్దసారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "మానెయ్యి, హాయిగా మానెయ్యి" అంటూ ఫొటోకి లాక్కుపోయారు.

సాయంత్రం భర్త మిఠాయి డబ్బా తెచ్చాడు. పెందలాడే భోజనాలకు కూర్చున్నారు.

"ఆఫీసులో అందరికీ చెప్పేశా. మొత్తానికి ఫలించిందన్నమాట."

"ఏం ఫలించింది?"

అతని చెయ్యి కంచంలో ఆగింది. "అదే... మొన్న నీ కాగితాలు ఇవ్వడానికి కాలేజీకి వచ్చాను కదా. అటు పొలం వైపు వెళ్తే ఒక మడికి 'ఏమీ వెయ్యనిది' అని బోర్డుంది. పాపం మరిచిపోయారేమోనని, షెడ్డులోంచి రెండు గుప్పెళ్ళు తెచ్చి చల్లాను."

ఆమె కంచం పక్కకు జరిపింది.

"నా పాఠం బాగా అర్థమైనవాళ్ళు బకెట్లతో పోశారు. నా పరిశోధన మీద మీరు యూరియా చల్లారు. నన్ను నమ్మిన రైతు ఈసారి నిండా మునగబోతున్నాడు. మూడింటికీ కలిపి నాకు అవార్డు."

భర్త మిఠాయి డబ్బాకు మూత పెట్టేశాడు.

"నేనది తీసుకోను. రేపు పొద్దున్నే ఆ రైతు ఊరు వెళ్ళి, అందరినీ కూర్చోబెట్టి, ఆ మడిలో ఏమేం పడ్డాయో చెప్పొస్తా. అక్కణ్ణించి వచ్చి కమిటీకి రాస్తా."

"పెద్దసారు ఊరుకుంటాడా? మరి నీ ప్రమోషనూ?" అన్నాడు భర్త.

"ఊరుకోడు. ప్రమోషనూ రాదు. మడులు మళ్ళీ మొదటినుంచి వేసుకుంటా. ఈసారి మాత్రం దయచేసి నాకెవరూ మేలు చెయ్యకండి."

భర్త తలవంచుకుని సరేనన్నాడు. "అమ్మాయి అన్నదాంట్లో తప్పేముంది?" అంటూ అత్తగారు లేచి, గ్లాసులో మిగిలిన నీళ్ళు కిటికీలోని కుండీలో వంచారు.