గడ్డిబీడులో ఆటల పోటీలు

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉన్నాయి గానీ, తన అడవికి పేరు లేదని సింహానికి దిగులు పట్టుకుంది.

"అడవులన్నిటి ఆటల పోటీలూ ఈసారి మన దగ్గర పెడదాం ప్రభూ. లోకమంతా మనవైపే చూస్తుంది," అంది కార్యదర్శి నక్క. సింహం మీసం దువ్వుకుంది.

మైదానానికి పనికొచ్చే చోటు ఒక్కటే, వాగు పక్కనున్న గడ్డిబీడు. నూకాలమ్మ అనే దుప్పి మేసేది అక్కడే. పాపం, దానికి పాలు తాగే పిల్ల ఉంది. మేత లేకపోతే పాలెక్కడివి? ఈ పోటీల గురించి సింహం పెట్టిన సభలో గట్టిగా అడిగేద్దామని పొద్దున్నే బయల్దేరింది.

"బోలెడు లాభం ఉందమ్మా. చూడ్డానికి వేలమంది వస్తారు," అంది నక్క.

"వచ్చి ఏం తింటారు?"

"మన ఆతిథ్యం."

"మరి మేం?"

"మనకి పేరొస్తుంది కదా!"

"పేరు నమిలితే పాలు పడతాయా నక్కగారూ?"

సభంతా నవ్వింది. నక్క కూడా నవ్వి, నేల చూపించింది. సభ ముందు తడిమట్టి పరచడం ఆ అడవి ఆనవాయితీ. అందులో పడ్డ అడుగులే ఒప్పుకున్నట్టు సంతకాలు.

"ఇష్టం లేకపోతే సభకి రావు కదా. పైగా అందరికంటే నీ గిట్టలే లోతుగా దిగాయి. ఇంత గట్టి మద్దతు ఇంకెవరూ ఇవ్వలేదమ్మా."

నూకాలమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఏం చేస్తుంది, మట్టి అప్పటికే ఆరిపోయింది.

ఏనుగులు బీడంతా తొక్కి రాయి చేశాయి. పోటీలు మూడు రోజులు ఘనంగా జరిగాయి. అతిథులు వాగంతా తాగేసి, చివుళ్ళన్నీ మేసేసి, "ఎంత చక్కటి అడవండీ" అనుకుంటూ వెళ్ళిపోయారు. పరుగుపందెం బహుమతి కూడా ఎవరో పై అడవి చిరుతే పట్టుకుపోయింది.

పాలు చాలక పిల్లకి కాళ్ళు నిలవడం లేదు. ఇక్కడుంటే ఇది బతకదని నూకాలమ్మ దాన్ని మెల్లగా నడిపించుకుంటూ పొలిమేర దాటింది. అది చూసి మిగతా దుప్పులూ, కుందేళ్ళూ వెంట నడిచాయి.

నాలుగోనాటికి సింహానికి ఆకలేసింది. చుట్టూ చూసింది. పోటీల వల్ల దాని కంటికి కనిపించిన లాభం నక్క ఒక్కటే.

పక్క అడవిలో మోకాలెత్తు గడ్డి. ఆ గడ్డిలో నిలబడి జంతువులన్నీ ఏడుస్తున్నాయి.

"ఏమైందండీ?" అని అడిగింది నూకాలమ్మ.

"ఆ పోటీలు మాకు రావలసినవమ్మా. ఆఖరిదాకా వచ్చి చెయ్యి జారిపోయాయి. మా రాత ఇంతే," అంది ఒక ముసలి ఎలుగుబంటి.

నూకాలమ్మ నోటినిండా అప్పటికే గడ్డి ఉంది.

నీతి: ఆటల్లో గెలిచినా ఓడినా ఫరవాలేదు గానీ, ఆటలు మన ఇంట్లో పెట్టించుకునే పోటీలో మాత్రం తప్పకుండా ఓడిపోవాలి.