మూడు బోర్డుల చదువు

వాకాడు మండలంలో సముద్రపు ఒడ్డునున్న యానాది కాలనీకి చదువు మంజూరైంది. పక్కనే వెలసిన రొయ్యల ఫ్యాక్టరీకి మనుషులు కావలసి వచ్చారు. కాలనీవాళ్ళకేమో అక్కడి బోర్డులు చదవడం రాదు. ఇది తెలిసి ప్రభుత్వంవారు చలించిపోయారు.

చెంగమ్మ ఊహ తెలిసినప్పటి నుంచీ కాలవలో పీతలు పట్టి బతికింది. ఫ్యాక్టరీ నీళ్ళు కలిశాక పీతలు వేరే కాలవ చూసుకున్నాయి. చెంగమ్మకు వేరే కాలవ లేదు గనక పలక పట్టుకుని సాయంత్రం బడికి వెళ్ళింది.

సిలబస్‌ను ఫ్యాక్టరీ మేనేజరు సుశీల్ కుమార్ గారే దయతో తయారుచేశారు. అందులో ఉన్నవి మూడే బోర్డులు: ‘చేతులు కడుక్కోవలెను’, ‘మాట్లాడరాదు’, ‘కూర్చోరాదు’. కూలివాళ్ళకు తెలుగు భాషలో అంతకు మించి అవసరం లేదని నిపుణులూ ఒప్పుకున్నారు.

“పాపా, నా పేరు రాసేది నేర్పిస్తావా?” అని చెంగమ్మ పాఠం చెప్పే రేవతిని అడిగింది.

“అది సిలబస్‌లో లేదక్కా. ఆడ మిమ్మల్ని నెంబరుతోనే పిలుస్తారంట.”

అన్నదే గానీ, రేవతి తలుపు దగ్గరగా వేసి పేరు రాయించింది. మిగతా అక్షరాలు కూడా నేర్పించింది. పేరున్న పలకను చెంగమ్మ చెరపకుండా ఇంటికి తీసుకుపోయి మొగుడికి చూపించింది.

ఫ్యాక్టరీలో కొత్త షెడ్డు ప్రారంభోత్సవానికి పెద్ద అధికారి వచ్చారు. “ఈ అడవిబిడ్డల కళ్ళు తెరిపించాం!” అన్నారు. చుట్టుపక్కల అడవి లేదు గానీ ఉపన్యాసంలో ఉంది.

చెంగమ్మ మూడు బోర్డులూ గడగడా చదివింది. చప్పట్లు మోగాయి. అక్షరాలతో చిక్కేమిటంటే, ఒక బోర్డు కోసం నేర్పితే పక్క బోర్డు మీద కూడా పనిచేస్తాయి. వేదిక వెనక గోడకు, చట్టానికి భయపడి తగిలించిన నాలుగో బోర్డు ఒకటుంది. అదే ఊపులో చెంగమ్మ దాన్నీ చదివేసింది.

“కూలీలకు పని మధ్యలో విశ్రాంతి ఇవ్వవలెను. కూర్చొనుటకు బల్లలు వేయవలెను.”

ఆమె మేనేజరు వైపు తిరిగింది. “సార్, ఇదేమో కూర్చోమంటుండాది, అదేమో కూర్చోవద్దంటుండాది. మేము ఏది నమ్మేది?”

“అవును సార్, ఏది నమ్మేది?” అన్నారు వెనకున్న ఆడవాళ్ళు.

అధికారిగారికి అప్పుడే ఇంకో ప్రారంభోత్సవం గుర్తొచ్చింది.

చెంగమ్మకు పని ఇవ్వలేదు. ‘అవసరానికి మించిన అర్హత’ అని కారణం రాసిచ్చారు. గేటు బయట నిలబడి ఆమె దాన్ని కూడా కూడబలుక్కుని చదివింది. చదివి, ఇంత చదువు తనకెప్పుడొచ్చిందా అని ఆశ్చర్యపోయింది.

మరునాడే నాలుగో బోర్డును ఇంగ్లీషులోకి మార్చారు. ఇక దాన్ని చదవగలిగేది మీరూ, నేనూ, మనలాంటి చదువుకున్నవాళ్ళమే. కాబట్టి ఫ్యాక్టరీవారికి ఏ భయమూ లేదు.