లక్కకోడి విందులో మొదటి చెంచా

ఆ ఆదివారం పొద్దున్న హేరిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తల్లితో పాటు తండ్రినీ కారెక్కించుకుని ఓక్‌చన్ ఊరికి తీసుకెళ్ళాలి, అక్కడ తను ప్రేమించిన గన్‌హో తల్లిదండ్రులతో కలిపి భోజనానికి కూర్చోబెట్టాలి, సాయంత్రంలోగా పెళ్ళికి ఆయన చేత ఊఁ అనిపించాలి. అడ్డంకులు రెండే రెండు. ఆమె తండ్రి ప్యో గిసుక్ రిటైరైన స్టేషన్ మాస్టరు. ఎర్రజెండా ఊపినంత హాయిగా పచ్చజెండా ఊపిన మనిషి కాడు. గన్‌హో వాళ్ళదేమో లక్కకోడి హోటలు.

లక్కచెట్టు మన జీడికి దగ్గరి చుట్టం. దాని పాలు తగిలితే ఒళ్ళు ఎర్రగా పొక్కి, వారం రోజులు నిద్ర ఉండదు. ఓక్‌చన్ జనం మాత్రం ఆ చెట్టు బెరడు వేసి కోడిని ఉడికించి, కడుపుకు చలవ చేస్తుందని కొందరు, వేడి చేస్తుందని కొందరు, లొట్టలేసుకుంటూ తింటారు. పడనివాళ్ళు ముందుగా దురద మాత్ర మింగి మరీ తింటారు. అలా తిని మొహాలు ఉబ్బించుకుని తేజన్ ఆస్పత్రికి వచ్చేవాళ్ళే హేరిన్ పరిశోధనకు ఆధారం. వాళ్ళ వీపుల మీద పట్టీలు అంటించి, రెండు రోజులయ్యాక విప్పి, ఎవరి చర్మానికి ఏది పడలేదో చూడటం ఆమె పని.

"అబ్బాయి కోడి తినిపిస్తాడు, నువ్వు మందు పూస్తావు. అది కాపురం కాదమ్మా, వ్యాపారం," అనేవాడు గిసుక్.

పైగా ఆయనకు లక్కచెట్టుతో పాత పగ ఒకటుంది. సైన్యంలో ఉన్న రోజుల్లో దాని కొమ్మ తలకింద పెట్టుకుని కునుకు తీసి, లేచాక కళ్ళు తెరుచుకోక గుడ్డివాడిలా తడుముకుంటూ తిరిగాడు. అయినా పిలుపు వచ్చేసరికి పౌరుషం అడ్డొచ్చింది.

"వస్తా. తింటా. భయపడి మానేశానని ఆ హోటలాయన అనకూడదు. మాట మాత్రం ఇవ్వను."

"పోనీ ముందు ఒక మాత్ర వేసుకో నాన్నా."

"మాత్ర వేసుకుని తినేదాన్ని తిండి అనరు."

దురద మాత్ర వల్ల లక్క పొక్కులు ఆగవని, కాస్త దురద తగ్గి బోలెడు నిద్ర వస్తుందని హేరిన్‌కు తెలుసు. తెలియడమేమిటి, ఆ సంగతి మీద ఆమె వ్యాసమే రాసింది. కానీ కన్నతండ్రి విషయానికి వచ్చేసరికి సొంత వ్యాసం మీద కూడా నమ్మకం కుదరలేదు. మాత్ర పొడి చేసి ఆయన బార్లీ టీలో కలిపేసింది. ఆ సంగతి తెలియని తల్లి, తన వంతుగా ఇంకో మాత్ర ఆయన గుమ్మడికాయ జావలో కలిపింది.

దారి పొడుగునా హేరిన్ కాళ్ళు నేల మీద లేవు. పెళ్ళి ఉత్సాహం ఒకటైతే, కాబోయే మామగారిని కలిసే ఉత్సాహం మరొకటి. హోటలు బోర్డు మీద ఆ మామగారు నామ్ పిల్‌సు నిలువెత్తు ఫొటో, దాని కింద 'ముప్ఫై ఏళ్ళుగా తింటున్నా, ఒంటి మీద ఒక్క పొక్కు లేదు' అనే రాత ఉన్నాయి. అన్నేళ్ళు తిన్నా పొక్కని చర్మం దొరికితే, కొందరికి లక్క ఎందుకు పడుతుందో తేలిపోతుంది. గన్‌హోను ఆమె ప్రేమించిన మాట నిజమే గాని, వాళ్ళ నాన్న వీపు మీద పట్టీలు అంటించే రోజు కోసం కూడా అంతే ఆశగా ఎదురుచూస్తోంది.

హోటలు గుమ్మంలో గన్‌హో ఎదురొచ్చి చిన్న గ్లాసు అందించాడు. "లివర్ టానిక్కు నాన్నగారూ. భోజనానికి ముందు మంచిది."

"ఎవరికయ్యా నాన్నని," అంటూనే గిసుక్ తాగేశాడు. లక్క పడని గిరాకీల కోసం గల్లా పెట్టె పక్కన ఉంచే సీసాలోంచి తీసిన దురద మాత్ర అందులో కరిగి ఉంది. లోపల కూర్చోగానే గన్‌హో తల్లి ఓక్‌బున్ రేగుపండ్ల షర్బతు తెచ్చింది. వచ్చిన అతిథి ఒళ్ళు పొక్కితే సంబంధం తప్పిపోతుందని ఆ తల్లి భయం. సీసాలో మిగిలిన ఆఖరి మాత్ర ఆ షర్బతులో పడింది.

నలుగురు నాలుగు చోట్ల, ఎవరికి వారు తామొక్కరే తెలివైనవాళ్ళమనుకున్నారు. గిసుక్ గోడకు ఆనుకుని నిటారుగా కూర్చున్నాడు. రెప్పలు సగం వాలాయి. కాసేపటికి తల మెల్లగా ముందుకు వాలి, మళ్ళీ లేచింది.

సరిగ్గా అప్పుడే పిల్‌సు గొంతు సవరించుకుని అడిగాడు. "ముహూర్తం శరదృతువులో పెట్టుకుందామా బావగారూ?"

గిసుక్ తలూపాడు.

హేరిన్ తల్లి చేతిలోని చాప్‌స్టిక్కులు జారిపోయాయి.

"అమ్మాయి పెళ్ళయ్యాక కూడా పరిశోధన చేసుకోవచ్చు, మాకేం అభ్యంతరం లేదు."

గిసుక్ తలూపాడు.

"కట్నాలు, కానుకలు, పట్టుబట్టల పెట్టెలు, ఆ గోలంతా మానేద్దాం."

ఈసారి రెండుసార్లు ఊపాడు. "ఎంత పెద్దమనసండీ మీ ఆయనది. నోరు విప్పకుండానే అన్నీ ఒప్పేసుకున్నారు," అని ఓక్‌బున్ కళ్ళు తుడుచుకుంది. హేరిన్ తండ్రిని పరిశీలనగా చూసింది. టీలో కలిపిన ఒక్క మాత్రకు ఇంత నిద్ర రాదే అనుకుంది. తల్లి వైపు చూస్తే తల్లి జావ గిన్నె గుర్తొచ్చినట్టు చూపు తిప్పుకుంది. గన్‌హో పైకప్పు చూశాడు. హేరిన్‌కు అంతా అర్థమైంది, అర్థమయ్యాక నోరు మూసుకుంది.

ఇంతలో మట్టి కుండలో పొగలు కక్కుతూ లక్కకోడి వచ్చింది. వయసులో అందరికన్నా పెద్దవాళ్ళు చెంచా ఎత్తందే అక్కడ ఎవరూ ముట్టరు.

"బావగారు మొదలుపెట్టాలి," అన్నాడు పిల్‌సు తొందరగా.

బావగారు తలూపాడు గాని చెంచా ఎత్తలేదు.

"ఈయన పుట్టింది ఎద్దు సంవత్సరమండి," అంది హేరిన్ తల్లి, భర్త నిద్ర బయటపడకుండా.

"అయితే మా నాన్నే ఒక ఏడాది పెద్ద. దాని ముందుది, ఎలుక సంవత్సరం," అన్నాడు గన్‌హో సంబరంగా. కొడుకును పిల్‌సు చూసిన చూపు ఆ సంబరంలో ఎవరికీ కనపడలేదు. ఓక్‌బున్ మాత్రం లేచి గల్లా పెట్టె దగ్గరికి పరుగెత్తి, ఖాళీ సీసా బోర్లించి చూసి, దిగాలుగా తిరిగొచ్చింది.

పిల్‌సు చెంచా ఎత్తాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు, హేరిన్ అయితే కళ్ళార్పకుండా చూస్తోంది. ఆయన కళ్ళు మూసుకుని రసం మింగాడు, ఒక ముక్క నమిలాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఏదో రోజు మీ వీపు మీద చిన్న పరీక్ష చేసుకోనిస్తారా?" హేరిన్ ఉండబట్టలేక అడిగింది.

"వీపుకేం తొందరమ్మా," అన్నాడు పిల్‌సు బలహీనంగా.

గిసుక్ గిన్నె అలాగే నిండుగా ఉంది. ముట్టకపోతే అవమానమని హేరిన్ తల్లి ఆ ముక్కలు ఒక్కొక్కటే గన్‌హో గిన్నెలోకి జరిపింది, వాడు రెండింతలు తిని ఎముకలు వెనక్కి చేరవేశాడు. ఎదురుగా కూర్చున్న పిల్‌సు అదంతా చూశాడు గాని పైకి అనలేదు. చివరికి గిసుక్ ఉలిక్కిపడి లేచేసరికి ముందు ఎముకల కుప్ప ఉంది.

"ఇదంతా నేనే తిన్నానా?"

"మీరే. రుచికి మాట కూడా రాలేదు," అంది భార్య.

ఇంటికి చేరి నిద్ర పూర్తిగా వదిలాక గిసుక్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "నేను ఒప్పుకున్నానా? దేనికి?"

"అన్నిటికీ తలూపారు. అందరూ చూశారు."

"సరే. రెండు రోజులు చూస్తా. నా ఒంటి మీద ఒక్క పొక్కు లేచిందా, ఆ సంబంధం ఊసెత్తొద్దు."

ఆ రెండు రోజులూ ఆయన అద్దం ముందే గడిపాడు. చొక్కా విప్పి వెనక్కి తిరిగి, భార్య చేత చేతి అద్దం పట్టించి వీపంతా వెతికించాడు. పొక్కు కాదు కదా చెమటకాయ కూడా లేదు. మంగళవారం పొద్దుటికి ఆయన నడకే మారిపోయింది. సైన్యంలో తనను ఓడించిన చెట్టును ఈ వయసులో కోడితో సహా జీర్ణం చేసుకున్నానన్న ఆనందంలో, ఆ వీపు కూతురికి చూపించడానికి తిన్నగా ఆస్పత్రికి వెళ్ళాడు.

"చూసి రాసుకో. చర్మమంటే ఇదీ," అని బనీను విప్పి నిలబడ్డాడు. తండ్రి అమాయకపు వీపు చూసి హేరిన్‌కు నవ్వు, జాలి ఒక్కసారే ముంచుకొచ్చాయి. నిజం చెబితే పెళ్ళి తప్పిపోతుంది, చెప్పకపోతే చదివిన చదువు సిగ్గుపడుతుంది. ఏం చేయాలో తోచక నిలబడి ఉండగా తలుపు తోసుకుని ఒకాయన లోపలికి వచ్చాడు. టోపీ, నల్లకళ్ళద్దాలు, మాస్కు.

"ఎవరూ చూడకముందే ఏదైనా మందు రాయమ్మా," అంటూ మాస్కు తీశాడు. మొహం ఆవిరి కుడుములా ఉబ్బి, ఎర్రగా పొక్కిపోయి ఉంది. హోటలు బోర్డు మీద రోజూ నవ్వే మొహం అది.

గిసుక్ నోరెళ్ళబెట్టాడు. తర్వాత, మొట్టమొదటిసారిగా, "బావగారూ, మీకు పడదా?" అన్నాడు.

పిల్‌సు కుర్చీలో కూలబడ్డాడు. "చిన్నప్పుడు ఒకసారి నాకి చూశా, ఇలాగే అయింది. ముప్ఫై ఏళ్ళుగా వడ్డిస్తున్నానే గాని చుక్క ముట్టలేదు. మొన్న మీ అందరి ముందూ నేను చెంచా ఎత్తకపోతే పెళ్ళి ఆగిపోతుందని మింగేశా. నీ పరీక్షకు నా వీపు పనికిరాదమ్మా, మన్నించు."

ముప్ఫై ఏళ్ళ వీపు మీద హేరిన్ కట్టుకున్న మేడంతా కుప్పకూలింది. అయినా ఎందుకో ఆమెకు ఏడుపు రాలేదు, ఆ మొహం మీద ముద్దు పెట్టాలనిపించింది. మందు రాయడంతో సరిపెట్టుకుంది.

గిసుక్ బనీను తొడుక్కున్నాడు. "మా పిల్ల కోసం తెలిసి తెలిసి తిన్నారు," అని, మెలకువగా ఉండి తలూపాడు. "మీ రహస్యం నా దగ్గరే ఉంటుంది. పెళ్ళి విందులో కూడా లక్కకోడే పెట్టిద్దాం. మీరేం భయపడకండి, ఆ రోజు మొదటి చెంచా నాది."

"నూడుల్స్," అన్నారు హేరిన్, పిల్‌సు ఒక్కసారే.

"పెళ్ళంటే నూడుల్సే బావగారూ. ఆ పోగులంత పొడుగ్గా దంపతుల ఆయుష్షు సాగుతుంది," అని పిల్‌సు వాచిన పెదవులతోనే బతిమాలాడు. హేరిన్ వైపు తిరిగి, వాచిన కన్నొకటి మూశాడు.

శరదృతువులో పెళ్ళయింది, అందరూ నూడుల్సే తిన్నారు. హోటలు బోర్డు మీద ఇప్పుడు గిసుక్ ఫొటో ఉంది. కింద 'మా వియ్యంకుడి ఒంటి మీద ఒక్క పొక్కు లేదు' అని రాసి ఉంది, అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.