ఒక అడుగేసి పండుకున్న ఎడ్లు

ఆ ఆదివారం పొద్దున శివారెడ్డి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భార్య ప్రసూన బొరుగుల ఉగ్గానికి తాలింపు పెట్టేలోపు, తాను సొంతంగా తయారుచేసిన వీడియో గేమును అత్తగారింటి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. బజ్జీలు వేగేలోపు పులివెందుల నుంచి మామ నారాయణరెడ్డి ఫోన్ చేసి మెచ్చుకోవాలి. తిని చెయ్యి కడుక్కునేసరికి తోడల్లుడు కార్తీక్ ముఖం మాడిపోవాలి. ఇంతకు మించి అతనికి జీవితంలో ఏ ఆశా లేదు.

శివారెడ్డి ప్రొద్దుటూరులో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్. ఊళ్లో బోలెడంతమంది అతను బోర్డు మీద రాసిన ప్రోగ్రాములు బట్టీపట్టి పాసయ్యారు. బోర్డు మీద తప్ప ఇంకెక్కడా అతను ప్రోగ్రాము రాసిన పాపాన పోలేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి పరువుగానే బతుకుతున్నాడు. ఇంతలో జమ్మలమడుగులో టైల్స్ దుకాణం నడుపుకునే కార్తీక్, తీరిక వేళల్లో ఇంటర్నెట్లో చూసి నేర్చుకుని ఒక గేము తయారుచేసి కూర్చున్నాడు. గండికోట లోయ మీద ఒక మేక ఇటు రాయి మీంచి అటు రాయి మీదికి గెంతుతుంది. తప్పితే పెన్నలో పడి "మే" అంటుంది. అదే గేము, అంతే గేము.

ఆ మేక వచ్చినప్పటి నుంచి అత్తగారింట్లో శివారెడ్డి ముఖం చూసే దిక్కు లేకపోయింది. ఆమధ్య ఒకరోజు భోజనాల దగ్గర నారాయణరెడ్డి ఎడమచేతి వేలితో మేకను గెంతిస్తూ, కుడిచేత్తో రాగిసంగటి ముద్ద తుంచుతూ, పెద్దల్లుడు వచ్చిన సంగతే గమనించలేదు. అత్త మునెమ్మ గమనించింది. గమనించకపోయినా బాగుండేది.

"ఏమప్పా శివా, కంప్యూటర్ సారువి నువ్వు గదా! టైల్స్ అమ్మేటోడు ఇంత పని చేసినాడే, నువ్వేం చేసినావు?" అంది, ఇంకో ముద్ద వడ్డిస్తూ.

శివారెడ్డి ఆ ముద్దను పళ్లెం అంచుకు జరిపాడు. అంతలో మామ తలెత్తకుండానే అన్నాడు, "వచ్చే తిరునాళ్లకు తలపాగా చిన్నల్లునికి కట్టిద్దామనుకుంటాండా."

ఇక్కడ తలపాగా గురించి చెప్పాలి. నారాయణరెడ్డికి రెండు తెల్ల ఎడ్లున్నాయి, మల్లెగాడు, దొరోడు. కడప జిల్లాలో ఎక్కడ బండలాగుడు పోటీలు జరిగినా వాటి పేరు చెబితే జనం లేచి నిలబడతారు. ఆ ఎడ్లు మైదానంలోకి వచ్చేటప్పుడు తప్పెట్ల మోతలో, ఎర్ర తలపాగా కట్టుకుని, పగ్గం పట్టుకుని ముందు నడిచేవాడు ఆ ఇంటి అల్లుడే అయి ఉండాలి. పెళ్లయినప్పటి నుంచీ ఆ తలపాగా శివారెడ్డిదే. క్లాసులో పిల్లలు అతని మాట విననప్పుడు కూడా ఆ తలపాగాను తలుచుకునే అతను ధైర్యం తెచ్చుకునేవాడు.

శివారెడ్డికి కుళ్లు పుట్టింది. అసూయ అని మర్యాదగా రాయొచ్చు గాని, అది అంత మర్యాదైన సరుకు కాదు. మేకకు పోటీగా ఎడ్లను దింపుతానని, బండలాగుడు గేము తయారుచేస్తానని అక్కడికక్కడే మనసులో ఒట్టు పెట్టుకున్నాడు.

గేములు చేయడం నేర్పే వీడియోలో ఆ కుర్ర మాస్టారు మొదటి మాటే చెప్పాడు, చిన్నదానితో మొదలుపెట్టండి, ముందు తెరమీద ఒక డబ్బాను అటూ ఇటూ జరపండి అని.

"డబ్బా జరిపేకి నేనెందుకు? వానికంటే పెద్దది చేయాల," అన్నాడు శివారెడ్డి. మొదటి రోజే తప్పెట్లు, దుమ్ము, మిద్దెల మీద ఆడవాళ్లు, సోడా బండి, మైకులో అరిచేవాడు, అన్నీ పెట్టాడు. ఎడ్లు పెట్టడం మాత్రం మరిచిపోయాడు.

"ముందు ఒక ఎద్దును నడిపియ్యి బావా," అంది ప్రసూన. "సోడా తర్వాత తాగొచ్చు."

నడిపించాడు. మొదటి ఎద్దు కొమ్ముల దాకా భూమిలోకి దిగిపోయింది. దాన్ని పైకి లాగితే బండ గాల్లోకి లేచి, కింద ఎడ్లు వేలాడాయి. కార్తీక్‌ను అడిగితే ఫోన్లోనే చెప్పేవాడు. కానీ కార్తీక్‌ను అడగడం కంటే ఎడ్లతో పాటు తనూ వేలాడటం మేలనుకున్నాడు శివారెడ్డి. కళ్లు వాచేలా కూర్చుని చివరికి రెండు జతల ఎడ్లను నేలమీదికి తెచ్చాడు. ఎడమ పక్క తెల్ల జత, మీద "పులివెందుల" అని బోర్డు. కుడి పక్క ఎర్ర జత, మీద "జమ్మలమడుగు" అని బోర్డు. జమ్మలమడుగు ఎందుకంటే అక్కడ కార్తీక్ ఉంటాడు. ఆ తర్వాత కడుపులో ఉన్న మంటనంతా పోసి ఒక రూలు రాశాడు. ఎడమ పక్క జత ఎప్పుడూ గెలవాలి. కుడి పక్క జత ఒక అడుగేసి పండుకోవాలి.

అంతా బాగానే ఉంది గాని, ఎడ్లు వెనక్కి నడుస్తున్నాయి. ఆ ఆదివారం పొద్దున దానికీ ఉపాయం దొరికింది. ఫోటోను అద్దంలో చూసినట్టు మైదానం మొత్తాన్ని ఎడమది కుడికి, కుడిది ఎడమకి తిప్పేశాడు. ఎడ్లు ముందుకు తిరిగాయి. ఇక ఒకసారి ఆడి చూసి పంపుదామనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే గ్రూపులో మరదలు, కార్తీక్ భార్య ప్రత్యూష ఫోటో పెట్టింది. కార్తీక్ గేమును ఎంతోమంది ఆడుతున్నారట, అందుకని పులివెందులలో కేకు కోశారట. కేకు మీద మేక. కార్తీక్ నోట్లో మామ స్వయంగా కేకు ముక్క పెడుతున్నాడు. శివారెడ్డికి ఒళ్లంతా కారం రాసినట్టయింది. ఆడి చూడటం అలా ఉంచి గేమును గ్రూపులోకి తోసేశాడు. "మన ఎడ్ల గేము. మామకు నా కానుక. అందరూ ఆడండి" అని కింద రాశాడు.

ఉగ్గాని వచ్చింది. బజ్జీలు కూడా వచ్చాయి. మామ ఫోన్ కూడా వచ్చింది.

"శివా!" అన్నాడు నారాయణరెడ్డి. గొంతులో మెప్పు లేదు. "నా ఎడ్లేందప్పా, ఒక అడుగేసి పండుకుంటాండాయి?"

శివారెడ్డి చేతిలో బజ్జీ అట్లే నిలిచిపోయింది. మైదానం తిప్పినప్పుడు ఎడ్లు బోర్డులతో సహా పక్కలు మారాయి గాని, తాను రాసిన రూలు మారలేదు. ఇప్పుడు కుడి పక్క ఉన్నది మామ ఎడ్లు. "చిన్న తప్పు మామా, ఇప్పుడే సరిచేస్తా" అంటే అయిపోయేది. అనబోయాడు కూడా. అంతలో అవతల కార్తీక్ గొంతు వినిపించింది.

"కొత్తగా చేసేటోళ్లకు ఇట్లాంటి తప్పులు మామూలే మామా. నేర్చుకుంటాడు లే పాపం."

ఆ "పాపం" దగ్గర శివారెడ్డికి బుద్ధి పనిచేయడం మానేసింది.

"తప్పు గిప్పు ఏం లేదు మామా," అన్నాడు. "ఎడ్ల వయసు, మేత, బండ బరువు, ఎండ, అన్నీ కంప్యూటర్లో ఏసినా. లెక్క గట్టి అదే చెప్పింది. నేనేం చేసేది?"

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

"బావా," అంది ప్రసూన, గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి, "మా నాయిన ఎడ్ల వయసు నీకు తెలుసునా?"

"తెలీదు," అన్నాడు శివారెడ్డి. బజ్జీ చల్లారిపోయింది.

ఆ మధ్యాహ్నానికి గేము గ్రూపు దాటింది, పులివెందుల దాటింది. కంప్యూటర్ సారు లెక్కగట్టాడట, వచ్చే వారం తిరునాళ్లలో నారాయణరెడ్డి ఎడ్లు పండుకుంటాయట అని హోటళ్ల దగ్గర అదే మాట. పుట్టి బుద్ధెరిగి ఓడిపోని ఎడ్లు ఓడిపోతాయంటే వాటికి ఏదో అయ్యే ఉంటుందని జనం తేల్చుకున్నారు. మునెమ్మ ఎడ్లకు దిష్టి తీసి, పోటీ దాకా కాడి ముట్టనీయొద్దని పాలేరుకు చెప్పింది. రోజూ బండ లాగే ఎడ్లు కొట్టంలో నిలబడి ఏం తోచక తోకలు ఊపుకున్నాయి. కాడి కట్టలేదన్న కబురు బయటికి పోయేసరికి జబ్బు ఖాయమైపోయింది. ఇక పరామర్శలు మొదలయ్యాయి.

ఆ ప్రాంతంలో పరామర్శకు ఉత్త చేతులతో ఎవరూ పోరు. ఒక్కొక్కరు అరటిపండ్లు తెచ్చి, అరుగు మీద పెట్టి, తువ్వాలు భుజం మీద సర్దుకుని, మాట్లాడకుండా కూర్చుని నిట్టూర్చి పోసాగారు. నారాయణరెడ్డి మొదట ఓర్చుకున్నాడు. ప్రతి పోటీలో ఎదురు నిలిచే ఎర్ర ఎడ్ల యజమాని, జమ్మలమడుగు ముదస్సిర్ ఒక గెల మొత్తం భుజాన వేసుకుని వచ్చి కళ్లు తుడుచుకునేసరికి ఓర్పు పోయింది.

"ఎవరు సచ్చినారని ఏడుస్తాండావు ముదస్సిర్?"

"అట్లనొద్దు మామా," అన్నాడు ముదస్సిర్ నిజంగానే బాధపడుతూ. "గెలిస్తే నీ ఎడ్ల మీదనే గెలవాలని నా ఆశ. అవే లేకపోతే గెలిచినా ఏం సుఖం? ధైర్యంగా ఉండు."

అరుగు నిండా అరటిపండ్లు. నారాయణరెడ్డికి షుగరు. పారేయడానికి మునెమ్మకు చేతులు రాలేదు. "ఎవరి పేరు జెప్పి తెచ్చినారో వాటికే పెడదాం," అని గంపలతో మోయించి ఎడ్ల ముందు పోయించింది. పని లేని ఎడ్లు వద్దనలేదు.

వారం మధ్యలో శివారెడ్డికి నిద్ర పట్టడం మానేసింది. ఎట్లయితే అట్లయిందని, నిజం చెప్పేయడానికి పులివెందుల బస్సెక్కాడు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు నెమరేసుకున్నాడు. తప్పు నాది మామా, రూలు మార్చడం మరిచిపోయినా. ఎంత సేపు పడుతుంది ఆ మాట? ఇంటి గేటు తీశాడు. అరుగు మీద కార్తీక్ ఎర్ర తలపాగా చుట్టుకుని నిలబడి ఉన్నాడు. ప్రత్యూష ఫోటోలు తీస్తోంది. నారాయణరెడ్డి తలపాగా కొసను సరిచేస్తున్నాడు.

"రా అన్నా!" అన్నాడు కార్తీక్. "కంప్యూటర్ ఏం జెప్పినా నేను నడిపిస్తా, మా ఎడ్లు పండుకోవు చూడు."

మా ఎడ్లట. శివారెడ్డి నెమరేసుకున్న మాటలన్నీ కడుపులోకి పోయాయి. "ఊరికే చూసి పోదామని వచ్చినా," అని, నీళ్లు కూడా తాగకుండా తిరుగు బస్సెక్కాడు.

తిరునాళ్ల రోజు జమ్మలమడుగు మైదానంలో ఇసకేస్తే రాలదు. ఎడ్లు లాగేది చూడ్డానికి వచ్చినవాళ్లకంటే పండుకునేది చూడ్డానికి వచ్చినవాళ్లే ఎక్కువ. తప్పెట్లు మోగాయి. కార్తీక్ ఎర్ర తలపాగాతో, పగ్గం పట్టుకుని, పెళ్లికొడుకులా నడిచి వస్తున్నాడు. కట్టె కంచె వెనకాల, జనంలో నలిగిపోతూ, శివారెడ్డి ఆ తలపాగాను చూశాడు. తన తల మీద కంటే వాడి తల మీదే బాగుందనిపించింది. దాంతో ఇంకా మండింది. ఎడ్లు గెలవకూడదని ఒక క్షణం కోరుకున్నాడు. వెంటనే మామ ముఖం కనబడి, గెలవాలి దేవుడా అని లెంపలేసుకున్నాడు.

ఎడ్లను బండకు కట్టారు. ఈల వేశారు. మల్లెగాడు, దొరోడు ఒక అడుగు వేశాయి. ఆగాయి. గట్టిగా త్రేన్చాయి. వారమంతా తిన్న పరామర్శలు కడుపులో బరువెక్కి, కాళ్లు మడిచి, ఎంతో తృప్తిగా పండుకున్నాయి.

కార్తీక్ పగ్గం లాగాడు, బతిమాలాడు, తోశాడు. దొరోడు కళ్లు మూసుకుంది. తలపాగా ఊడి కార్తీక్ మెడలో పడింది. అంతలో మైకులో అరిచేవాడు లేచి నిలబడ్డాడు.

"కంప్యూటర్ సారు చెప్పిందే జరిగెనప్పా! ఒక్క అడుగు! సరిగ్గా ఒక్కటే అడుగు!"

అంతే. జనం కంచె విరగ్గొట్టుకుని శివారెడ్డి మీద పడ్డారు. భుజాల మీదికి ఎత్తారు. "సారూ, మా పిల్ల ఇంటర్ పాసవుతుందా, గేము చేసి చూడు" అని ఒకరు, "మా బోరులో నీళ్లు పడతాయా, లెక్కగట్టు సారూ" అని ఒకరు. ముదస్సిర్ ఎర్ర ఎడ్లు ఆ సందట్లో బండను ఎంత దూరం లాగాయో ముదస్సిర్ తప్ప ఎవరూ చూడలేదు.

చివరికి నారాయణరెడ్డి జనాన్ని తోసుకుని వచ్చి అల్లుణ్ణి కిందికి దింపించాడు. కార్తీక్ మెడలోని తలపాగా తీసి, దుమ్ము దులిపి, శివారెడ్డి తలకు తనే చుట్టాడు.

"నేనే నీ మాట నమ్మలేదప్పా. ఇంకమీదట ఏ పోటీకైనా ముందు నీ గేములో చూసినాకే పోదాం. నువ్వు గెలుస్తామంటే, పగ్గం పట్టుకుని నువ్వే ముందు నడువు."

వెనకాల కార్తీక్ నిలబడి ఉన్నాడు. అతని కళ్లలో ఉన్నదేమిటో శివారెడ్డికి ఎవరూ చెప్పనక్కర్లేదు, ఇంతకాలం తన కడుపులో పెంచుకున్నది అదే. దాని కోసమే ఇంత పని చేశాడు. తీరా చూస్తే దానివల్ల ఒంటికి ఏ హాయీ కలగలేదు.

"అన్నా," అన్నాడు కార్తీక్ దగ్గరికి వచ్చి, "నా మేక ఉత్తగా గెంతుతాది. అంత కరెక్టుగా ఎట్ల చేసినావన్నా? నాకు గూడా నేర్పీయవా?"

"ఇప్పుడన్నా చెప్తావా?" అని, జనంలోంచి పక్కకు చేరిన ప్రసూన మెల్లగా మోచేత్తో పొడిచింది.

శివారెడ్డి తలపాగా ముట్టుకుని చూసుకున్నాడు. "చిన్నదానితో మొదలుపెట్టాల తమ్ముడూ," అన్నాడు. "ముందు ఒక డబ్బాను జరుపు."

ఇంటికి పోగానే తలుపేసుకుని ఆ రూలు సరిచేశాడు. ఇప్పుడు తెల్ల ఎడ్లు ఎన్నిసార్లు ఆడినా గెలుస్తున్నాయి. అదే వచ్చిన చిక్కు. వచ్చే నెల దువ్వూరులో పోటీలు. మామ రోజూ ఫోన్ చేసి గేము ఏం చెబుతోందని అడుగుతున్నాడు. గెలుస్తాయంటే పగ్గం పట్టుకుని తనే ముందు నడవాలి, ఆ ఎడ్లేమో అరటిపండు కనబడితే తప్ప లేవడం లేదు. శివారెడ్డి ఇంకా లెక్కలు పూర్తి కాలేదని చెప్పుకొస్తున్నాడు. నారాయణరెడ్డి మాత్రం లెక్క తేలలేదన్న దిగులు మరవడానికి ఫోన్లో కార్తీక్ మేకనే గెంతిస్తున్నాడు. ఆ మేక పెన్నలో పడినా పరామర్శకు ఎవరూ పండ్లు తేరు.