పల్లపువాడకు ఎవరూ చెప్పలేదు

వరదను రప్పించడం, ఆపడం ప్రభుత్వ అధికార పరిధిలోకి ఇంకా రాలేదు. అయితే వచ్చిందో రాలేదో నిర్ణయించే అధికారం మాత్రం పందొమ్మిది వందల అరవయ్యో సంవత్సరంలోనే హనుమకొండలోని వరద హెచ్చరికల కచేరీకి సంక్రమించింది. ఈ సంగతి తెలియని వరదలు అప్పుడప్పుడు తొందరపడి వచ్చి పరువు పోగొట్టుకునేవి.

కచేరీకి అధికారి రాజేశ్వర్ రావు గారు. హెడ్ గుమస్తా సుందర్ రావు. ముసాయిదాలు రాసే చిన్న గుమస్తా కృపానందం. వీరు ముగ్గురూ గాక నాలుగో ముఖ్య వ్యక్తి ఒక ఇత్తడి వర్షమాపకం. రాజధాని నుంచి రైల్లో గడ్డి చుట్టుకుని వచ్చింది. మొదటి వానకే దానికి కిలుం పట్టబోయిందట. ప్రభుత్వ సొత్తు పాడైతే జవాబు చెప్పేదెవరు? అందుకని సుందర్ రావు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. రోజూ ఉదయం ఎనిమిది గంటలకు బీరువా తెరిచి, లోపలికి తొంగి చూసి, రిజిస్టరులో "వర్షం లేదు" అని రాసేవాడు. కొన్ని ఉదయాలు ఆ రాతకు ముందు తన గొడుగు దులుపుకోవలసి వచ్చేది. అది ఆయన సొంత విషయం.

నిబంధన ప్రకారం వర్షమాపకంలో నాలుగు అంగుళాలు దాటితేనే ప్రజలకు హెచ్చరిక. అది మంజూరయ్యే దాకా ముసాయిదా రహస్యం. ముందే తెలిస్తే జనం బెంబేలెత్తి పరుగులు తీస్తారని, పరుగులు తీస్తే జారి పడతారని, అలా ప్రాణనష్టం జరుగుతుందని పెద్దలు ఆలోచించి పెట్టిన షరతు.

అరవై రెండో సంవత్సరం శ్రావణంలో రెండు పగళ్ళు, రెండు రాత్రులు ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. మూడో రోజు మధ్యాహ్నం చెరువు నీళ్ళు చూసుకునే నీరటి పోశయ్య గొంగడి కప్పుకుని, మోకాళ్ళ దాకా బురదతో కచేరీ వసారాలో నిలబడ్డాడు.

"సారూ, చెరువు నిండి మత్తడి దుంకుతాంది. కట్టకు బుంగ వడ్డది. మట్టి వోసినా నిలుస్తలేదు. ఈ రాత్రి ఆగుతదని నాకైతే నమ్మకం లేదు. కట్ట కింద పల్లపువాడోళ్ళకు జర చెప్పుండ్రి."

రాజేశ్వర్ రావు గారు అతని మాట పూర్తిగా విన్నారు. ఆయన ఎవరి మాటా మధ్యలో ఆపే మనిషి కాదు. విన్న తర్వాత, నీరటి అన్నవాడు వేరే శాఖకు చెందినవాడనీ, కబురు పట్వారీ ద్వారా, గిర్దావర్ ద్వారా రావాలనీ, నేరుగా వచ్చిన కబురు ఎంత నిజమైనా నిజం కాదనీ సౌమ్యంగా వివరించారు. పోశయ్య తల గోక్కుంటూ మళ్ళీ కట్ట మీదికి పోయాడు.

అయినా ఆయన దయగలవారు. వర్షమాపకంలో సున్నా ఉన్నా, ముందుజాగ్రత్తగా ముసాయిదా ఒకటి రాసి ఉంచమన్నారు. కృపానందం కలం ముంచి, "పల్లపువాడ వాస్తవ్యులకు తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టాడు. అతని ఇల్లు కూడా పల్లపువాడలోనే. అరవై రెండు ఇళ్ళలో అదొకటి. ఇంట్లో భార్య మార్తమ్మ, లేవలేని తల్లి సువార్తమ్మ ఉన్నారు.

ముసాయిదా మీద "రహస్యం" అని ముద్ర పడింది. ఆ సాయంత్రం టౌన్ హాలులో జరగవలసిన "వరదల్లో క్షేమంగా ఉండుట ఎట్లు" అన్న సభ వాన వల్ల వాయిదా పడింది. తయారు చేసుకున్న ఉపన్యాసం వృథా పోనివ్వడం ఇష్టం లేక రాజేశ్వర్ రావు గారు దాన్ని సిబ్బందికే వినిపించారు.

"సోదరులారా! వరద అనునది పరాయి పాలనలో ఇష్టం వచ్చినట్లు వచ్చెడిది. నేడు మనది ప్రజాస్వామ్యము. ప్రజలతో పాటు నీరు కూడా క్రమశిక్షణ పాటించవలెను!"

సిబ్బంది ఇద్దరూ చప్పట్లు కొట్టారు. కృపానందం చప్పట్లు కొడుతూనే కిటికీలోంచి బయటికి చూశాడు. రోడ్డు కనిపించలేదు. నీళ్ళే కనిపించాయి.

చీకటి పడే వేళకు సైకిలు తోసుకుంటూ ఇల్లు చేరాడు. పాపం, అతను చెడ్డవాడు కాదు. పదకొండేళ్ళ నౌకరీ, ఇంకా ఖాయం కాలేదు. నోరు తెరిస్తే నౌకరీ పోతుంది, తెరవకపోతే వాడంతా పోతుంది. ట్రంకు పెట్టెను అటక ఎక్కించాడు. బియ్యం మూట ఎక్కించాడు. తల్లిని కూడా ఎక్కించవచ్చునా అని అటక కేసి చూస్తుండగా మార్తమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని అడ్డం నిలబడింది.

"వచ్చినకాడికెల్లి ఇల్లంత అటకెక్కిస్తాన్నవ్. ఏందయ్యా సంగతి?"

"ఏం లేదు. రహస్యం."

"ఏం రహస్యం? నీళ్ళు ఇంట్లకొచ్చుడు రహస్యమా? వచ్చినంక నాకు తెల్వదా?"

ఇంత కఠినమైన ప్రశ్నకు నిబంధనల్లో జవాబు లేదు. కృపానందం భోరున ఏడ్చి మొత్తం చెప్పేశాడు. మార్తమ్మ అత్తను వీపున వేసుకుని బయలుదేరుతూ, "ఈడ ఏడుసుడెందుకు, పో, పోయి అందరి తలుపులు కొట్టు" అంది.

కొట్టాడు. లాంతరు పట్టుకుని, తడిసి ముద్దై, అరవై ఒక్క తలుపులూ కొట్టాడు. ప్రతి గడప దగ్గరా, "నేను చెప్పినట్టు కాదు. నేను ఇటు రానే లేదు. కానీ జల్ది లేవుండ్రి, గుట్ట మీది చర్చికి నడువుండ్రి" అన్నాడు.

"ఎవరు చెప్పినట్టయితేంది తమ్మీ, పానం దక్కితే సాలు" అని పక్కింటి మొగిలమ్మ మేకల్ని విప్పుకుని ముందు నడిచింది. చర్చి కాపలాదారు సాల్మన్ తలుపులు బార్లా తెరిచాడు. యేసును నమ్మినవాళ్ళూ, పోచమ్మను నమ్మినవాళ్ళూ, మేకలూ, కోళ్ళూ ఒకే చాపల మీద సర్దుకున్నారు.

తెల్లవారుజామున కట్ట తెగింది. ఆ చప్పుడుకు చర్చి కిటికీలు అదిరాయి. వెలుతురు వచ్చి చూస్తే కింద పల్లపువాడ లేదు. ఒక్క ఇల్లూ లేదు. ఒక్క మనిషీ పోలేదు. కృపానందం అందరినీ మూడుసార్లు లెక్కపెట్టుకుని, మొగిలమ్మ కాళ్ళ దగ్గర కూలబడి నవ్వాడు. జన్మలో అంత సంతోషం అతను ఎరగడు. మొగిలమ్మ అతని తల నిమిరి, "మా అరవై ఒక్క ఇండ్లకు నువ్వే దేవునివి బిడ్డా" అంది.

ఎనిమిది గంటలకు సుందర్ రావు బీరువా తెరిచి, "వర్షం లేదు" అని రాశాడు.

పది గంటలకు రాజేశ్వర్ రావు గారు చర్చి మెట్ల మీద నిలబడి, ఒక్క ప్రాణం కూడా పోకుండా కాపాడినందుకు తమ కచేరీని తామే అభినందించారు. ఇల్లు పోయిన ప్రతి కుటుంబానికీ పైకప్పు కోసం పది ఇనుప రేకులు ప్రకటించారు. షరతు ఒక్కటే. హెచ్చరిక అందుకుని ఇల్లు వదిలినవారు ఇష్టపూర్వకంగా వదిలినట్లు లెక్క, వారికి రేకులు లేవు. హెచ్చరిక అందనివారే వరద బాధితులు. కాబట్టి "మాకు ఎవరూ చెప్పలేదు" అని ప్రమాణ పత్రం ఇవ్వాలి.

మధ్యాహ్నానికి వాడంతా కృపానందం చుట్టూ చేరింది. మొగిలమ్మే నోరు విప్పింది. "తమ్మీ, నీ చేతిరాత ముత్యాల లెక్క ఉంటది. ఆ కాయిదాలేవో నువ్వే రాయరాదు."

నెత్తి మీద రేకు పడుతుందంటే అతను మాత్రం కాదనగలడా? అరవై ఒక్క పత్రాలు తన చేత్తోనే రాశాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. అందరూ వరుసగా వేలిముద్రలు వేశారు. సర్కారు నౌకరు పేరు మీద రేకులు రావు గనుక అరవై రెండోది మార్తమ్మ పేర రాశాడు. "నా భర్త కూడా నాకు చెప్పలేదు" అన్న వాక్యం ఒకటి అదనంగా పడింది. మార్తమ్మ బడికి పోయిన మనిషి, గుండ్రంగా సంతకం చేసింది.

వారం తర్వాత విచారణ మొదలైంది. రహస్య ముసాయిదాను బయటపెట్టాడని కృపానందం మీద అభియోగం. అరవై రెండు ప్రమాణ పత్రాలు బల్ల మీద పెట్టేసరికి అభియోగం ఎగిరిపోయింది. అతను ఊపిరి పీల్చుకున్నాడు. రాజేశ్వర్ రావు గారు కరచాలనం చేసి, అదే చేత్తో రెండో కాగితం అందించారు.

"ముసాయిదా రాసిన మీకు ప్రమాదము సంగతి మధ్యాహ్నము మూడు గంటలకే తెలియును. మీరు ఆ వాడకట్టు నివాసి. అయినను ఒక్కరికి కూడా చెప్పలేదని అరవై రెండు పత్రముల వల్ల రుజువగుచున్నది. కట్టుకున్న భార్యకు సైతము చెప్పని మీ కఠిన హృదయమునకు ఈ కచేరీలో స్థానము లేదు."

మరి చెప్పకపోతే జనం గుట్ట మీదికి ఎలా పోయారన్న సందేహం మీకు రావచ్చు. పైవారికీ వచ్చింది. ఆ రాత్రి వాడంతా ఒక్కసారిగా దైవప్రార్థనకు పోయినట్లు నివేదికలో ఉంది. ప్రజల్లో భక్తి పెంపొందించినందుకు రాజేశ్వర్ రావు గారికి ప్రశంసాపత్రం వచ్చింది.

నౌకరీ పోయిన కృపానందం ఆ సాయంత్రం కొత్తగా రేకులు కప్పుకున్న గుడిసె గుడిసెకూ తిరిగాడు. ఒక్కరైనా వచ్చి నిజం చెప్పమన్నాడు. అందరూ కూర్చోబెట్టి చాయ్ పోశారు. అందరి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. "చెప్తే రేకులు వాపస్ గుంజుకపోతరు తమ్మీ" అంది మొగిలమ్మ. ఆమెకు నిజంగానే బాధగా ఉంది. రాత్రికి బువ్వ తిని పొమ్మని కూడా బలవంతం చేసింది.

రెండేళ్ళు గడిచాయి. కృపానందం కచేరీ ఎదుట చెట్టు కింద కూర్చుని అర్జీలు రాస్తూ బతుకుతున్నాడు. పల్లపువాడ రేకులతో మెరుస్తోంది. ఇప్పుడు సర్కారు ఆ బాధితులకే దర్వాజలు, తలుపులు కూడా మంజూరు చేయబోతోందని, పేర్లు మళ్ళీ రాసుకుంటున్నారని తెలిసి వాడంతా మహా జాగ్రత్తగా ఉంది. ఒక ఉదయం నల్లా దగ్గర, కొత్తగా కిరాయికి వచ్చిన నిర్మలకు మొగిలమ్మ వరద కథ చెబుతోంది.

"మా వాడలనే ఉన్నడమ్మా ఒక గుమస్తా. అన్నీ తెల్సి గూడ నోరు మెదపలే. పెండ్లానికి గూడ చెప్పలే. గసుంటి మనిషి."

చెబుతున్నప్పుడు ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. వరుసలో వెనక నిలబడిన మార్తమ్మ బిందె నల్లా కింద పెట్టింది. నిర్మల ఆమె వైపు జాలిగా తిరిగి అడిగింది.

"నిజమేనా అక్కా? నీకు గూడ చెప్పలేదా?"

మార్తమ్మ తమ ఇంటి వైపు చూసింది. గుమ్మానికి తలుపు లేదు, గోనెపట్టా వేలాడుతోంది.

"లేదమ్మా" అంది. "నాకు గూడ చెప్పలే."